ఆధార్ ఎందుకు, పిన్ అడగండి

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా పనిచేస్తున్నాను. మొన్న బుధవారం నర్సంపేట నుంచి బస్సులో వస్తుంటే పర్సు పోయింది. ఇంటికొచ్చి చూసుకునేసరికి ఫోన్‌లో మూడు మెసేజ్‌లు. చెప్పుల షాపులో 4,850, బట్టల షాపులో 4,990, ఒక ఫ్యాన్సీ షాపులో 3,600. నలభై నిమిషాల్లో నా క్రెడిట్ కార్డు మీద 13,440 రూపాయలు గీకేశారు. వెంటనే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించాను. మర్నాడు చెప్పుల షాపుకు వెళ్తే సీసీ కెమెరాలో చూపించారు. ఇద్దరు మగపిల్లలు! కార్డు మీద ఉన్నది ఆడవాళ్ల పేరు. ఒక్కసారి పేరు చూసి, ‘ఏదీ నీ ఐడీ’ అని అడిగితే దొరికిపోయేవాళ్లే కదా? ‘మెషిన్ తీసుకుంది మేడం, మేమేం చేస్తం’ అన్నారు.

ఇంకో సంగతి. నెల కింద మా ఆయన కార్డు తీసుకుని ఫ్రిజ్ కొనడానికి ఒక షోరూమ్‌కు వెళ్లాను. పేరు వేరే ఉందని నిలబెట్టి ఆధార్ అడిగారు. కౌంటర్‌లో ఉన్న పిల్లవాడు తన సొంత ఫోన్‌తో దాన్ని ఫొటో తీసుకున్నాడు. అంతా అయ్యాక ఆ కార్డు చెల్లదన్నారు. దొంగను అడగని ఐడీ నన్నెందుకు అడిగినట్టు? కార్డుతో కొనేవాళ్ల ఐడీ ప్రతి షాపూ చూడాలని రూలు పెడితే బాగుంటుంది కదా? చెప్పుల షాపు వాళ్లను వెళ్లి నిలదీయాలా?

— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం శుక్రవారం పొద్దున చేరింది. చదవగానే మీకు ఫోన్ చేసి ఒకటే అడిగాను, గుర్తుందా? ‘కార్డు బ్లాక్ చేయించారు సరే, ఆ మూడు కొనుగోళ్లు మీవి కావని బ్యాంకుకు రాసిచ్చారా’ అని. రాయలేదన్నారు. బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసిన నాకు ఇది కొత్త కాదు. కార్డు బ్లాక్ అయిందంటే పని అయిపోయిందనుకుని ఇంట్లో కూర్చుంటారు. బ్లాక్ చేస్తే ఇకముందు పోయేది ఆగుతుంది. పోయినదాని గురించి విడిగా ఫిర్యాదు చేయాలి.

రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మూడో మనిషి చేసిన మోసమైతే, మెసేజ్ వచ్చాక మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెప్పిన కస్టమర్ ఒక్క రూపాయి కూడా కట్టనక్కర్లేదు. మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు. మీకు బుధవారం వచ్చింది కాబట్టి గురువారం ఒకటి, శుక్రవారం రెండు. అందుకే ఆ రోజే బ్యాంకుకు వెళ్లమని తొందర పెట్టాను. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే, కార్డు లిమిట్ ఐదు లక్షల లోపు ఉన్నవాళ్లు ఎక్కువలో ఎక్కువ 10,000 దాకా భరించాలి. లిమిట్ అంతకంటే ఎక్కువైతే 25,000 దాకా. ఏడు దాటితే ఆ బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా. ఫిర్యాదు ఇచ్చిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా మీ ఖాతాకు తిరిగి జమ చేయాలి, తొంభై రోజుల్లో తేల్చాలి. ఈలోగా దాని మీద వడ్డీ వేయకూడదు.

‘పర్సు పోగొట్టుకోవడం మీ అజాగ్రత్తే కదా’ అని బ్యాంకు వాళ్లు అనొచ్చు. అననివ్వండి. తప్పు కస్టమర్‌దే అని నిరూపించాల్సిన బాధ్యత బ్యాంకు మీదే ఉందని అదే ఉత్తర్వులో రాసి ఉంది. సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి, పోలీస్ స్టేషన్లో పర్సు పోయినట్టు ఇచ్చిన కాగితం నకలు కూడా జత చేయండి. ముప్పై రోజులైనా బ్యాంకు జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో రాయవచ్చు, ఫీజేమీ ఉండదు.

ఇక మీ అసలు ప్రశ్న.

కార్డు మీద పేరు చూస్తే దొరికేవాళ్లు అంటున్నారు. ఆ పిల్లలు కార్డు ఎవరి చేతికైనా ఇచ్చారా? ఈసారి ఏ షాపులోనైనా గల్లా దగ్గర ఒక ఐదు నిమిషాలు నిలబడి చూడండి. గల్లాలో కూర్చున్నాయన మొత్తం కొట్టి మెషిన్‌ను గిరాకీ వైపు తిప్పుతాడు. గిరాకీ తన కార్డు తానే మెషిన్‌కు ఆనిస్తాడు. కీచుమని చప్పుడు, చీటీ బయటికి, కార్డు మళ్లీ జేబులోకి. పేరు చూసే సందే లేదు. పైగా ఇప్పుడొచ్చే కొన్ని కార్డుల మీద ముందు వైపు పేరుండదు, నంబరుండదు, ఒట్టి రంగులే.

ఇలా ఆనించి కొనడాన్నే ట్యాప్ అంటున్నాం. 5,000 రూపాయల వరకు దీనికి పిన్ అక్కర్లేదు. మొదట ఈ హద్దు 2,000 ఉండేది, 2021 జనవరి 1 నుంచి 5,000 చేశారు. మీ మెసేజ్‌లు మళ్లీ చూడండి. 4,850, 4,990, 3,600. ఒక్కటీ ఐదు వేలు దాటలేదు. ఆ పిల్లలకు మీ పిన్ తెలియదు, కానీ రూలు మాత్రం బాగా తెలుసు. కాబట్టి చెప్పుల షాపు వాళ్లు చేసింది నిబంధనలకు విరుద్ధం కాదు. వాళ్లు కొంచెం కళ్లు తెరిచి ఉండాల్సిందా అంటే, ఉండాల్సిందే. దాని గురించి కింద రాస్తాను.

నేను కార్డుల సెక్షన్‌లో ఉన్న రోజులు వేరు. మన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది, దేశంలో మొదట తెచ్చిన బ్యాంకుల్లో అదొకటి. ఈ తరం పిల్లలకు చెబితే నమ్మరు. అప్పట్లో షాపులో ఒక ఇనుప పెట్టె ఉండేది. కార్డు అందులో పెట్టి, పైన కార్బన్ కాగితాల చీటీ వేసి, పిడి పట్టుకుని అటూ ఇటూ లాగేవాళ్లు. కార్డు మీద ఉబ్బెత్తుగా ఉన్న అంకెలు చీటీ మీద అచ్చు పడేవి. ఆ చప్పుడును బట్టి దాన్ని జిక్‌జాక్ మెషిన్ అనేవాళ్లం. పోయిన కార్డుల నంబర్లు ఒక చిన్న పుస్తకంలో అచ్చేసి షాపులకు పంపేవాళ్లు. పంచాంగం వేలాడదీసినట్టు గల్లా పక్కన మేకుకు వేలాడుతుండేది. దాన్ని నిజంగా తిరగేసి చూసే సేటు ఎంతమందో నాకు తెలియదనుకోకండి.

ఒకసారి దసరాకు నేనే బట్టలు కొని సంతకం పెట్టాను. ఆ సేటు పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని, కార్డు వెనకాల నా సంతకం చూశాడు, చీటీ మీద సంతకం చూశాడు, నా మొహం చూశాడు. ‘ఇంకోపారి పెట్టుండ్రి సారూ’ అన్నాడు. పెట్టాను. ‘ఇంకోపారి’ అన్నాడు. రోజుకు రెండొందల చెక్కుల మీద గిలికే చేయి, కార్డు మీద ముత్యాల్లా రాసిన సంతకంతో ఏం కలుస్తుంది? వెనక వరుసలో పెళ్లి బట్టలవాళ్లు గొణుగుతున్నారు. మా ఆవిడ నా వైపు దొంగను చూసినట్టు చూసింది. మూడోసారికి ఆయనే జాలిపడి వదిలేశాడు. నిజం దొంగ అయితే ఇంట్లో ప్రాక్టీసు చేసుకుని వచ్చేవాడు కదా అని చాలారోజులు అనుకున్నాను.

కార్డులో చిప్, దానికి పిన్ వచ్చింది ఇందుకే. 2013 డిసెంబర్ నుంచి షాపుల్లో డెబిట్ కార్డులకు పిన్ తప్పనిసరి చేశారు. 2018 ఆఖరు లోపు పాత గీకుడు కార్డులన్నీ తీసేసి చిప్, పిన్ ఉన్నవే ఇవ్వమని బ్యాంకులకు గడువు పెట్టారు. సంతకం ఎవరిదో, మొహం ఎవరిదో సేటు తేల్చాల్సిన పని లేకుండా, పిన్ తెలిసినవాడే సొంతదారు అని మెషినే తేలుస్తుంది. మన దేశంలో షాపులో ఐడీ అంటే అదే, ఆ నాలుగంకెలే. ట్యాప్ వచ్చి ఐదు వేల లోపు దాన్ని పక్కన పెట్టేసింది. ఆ పిల్లలు దూరింది ఆ సందులోంచే.

మరి ఆ సందు మూయడానికి ఆధార్ అడగమని రూలు పెడితే? నాకు ఇష్టం లేదు. ఎందుకో చెబుతాను.

మన ఇళ్లల్లో కార్డు ఒకరిది, కొనేది ఇంకొకరు. తండ్రి కార్డు కొడుకు తీసుకుపోతాడు, అన్న కార్డుతో తమ్ముడు టైర్లు మార్పిస్తాడు, భర్త కార్డుతో మీరు ఫ్రిజ్ కొనబోయారు. వరంగల్ బట్టల బజార్లో గల్లాలో కూర్చునే ఒకాయనను ఈ ప్రశ్నే అడిగాను. ‘సార్, మా కాడికొచ్చే కార్డులల్ల సగం ఇంకోల్లయే ఉంటయ్. ఎవ్వల కార్డు అని అడిగితె గిరాకీ కోపానికొచ్చి పక్క షాపుకు పోతడు. బతుకమ్మ పండుగ ముంగట లైన్ల ఇరవై మంది నిలవడితె నేను ఆధార్లు చదువుకుంట కూసోవాల్నా’ అన్నాడు. ఆయన మాటలో వ్యాపారం ఉంది, నిజమూ ఉంది. ఐడీ రూలు పెడితే ముందు ఆగిపోయేది మీలాంటివాళ్లు. దొంగేమో ఐడీ అడగని షాపు వెతుక్కుని పోతాడు.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఒకప్పుడు కార్డు వెనక సంతకం చేసే చోట ‘ఐడీ చూడండి’ అని రాసుకునేవాడు. అక్కడ చాలామందికి ఆ అలవాటుండేది. తీరా వీసా, మాస్టర్‌కార్డ్ అనే కార్డు కంపెనీల నిబంధనలు చూస్తే అది సంతకం కింద లెక్కే కాదు. అక్కడ షాపువాళ్లు ఐడీ అడగవచ్చు గానీ, కార్డు సరిగ్గా ఉన్నాక ఐడీ చూపించనన్నాడనే ఒక్క కారణంతో మామూలుగా అమ్మకం ఆపకూడదు. 2018లో ఆ కంపెనీలు అక్కడ సంతకం తప్పనిసరి అనే నిబంధనే తీసేశాయి. అక్కడి సంగతి మనకెందుకంటే, మన ఊళ్లలో అమెరికా నుంచి పెళ్లిళ్లకు వచ్చేవాళ్లు బోలెడు మంది. వాళ్ల కార్డులు చాలావాటికి పిన్ ఉండదు. మన మెషిన్‌లో పెడితే పిన్ అడక్కుండా, చీటీ మీద సంతకానికి గీత గీసి ఇస్తుంది. అలాంటి కార్డుతో ఎవరైనా లక్ష రూపాయల నగ కొంటుంటే షాపతను పాస్‌పోర్టో లైసెన్సో ఒకసారి చూపించమనడం న్యాయమే. అక్కడ పిన్ లేదు కాబట్టి ఆయనకు ఇంకో దారి లేదు. కొనేవాళ్లు కూడా దానికి మొహం ముడుచుకోకూడదు.

ఇంకోటి కలిపి చూడకండి. రెండు లక్షలు దాటిన బిల్లుకు పాన్ అడుగుతారు. అది ఆదాయపు పన్ను వాళ్ల నిబంధన. కార్డు ఎవరిది అన్నదానితో సంబంధం లేదు, ఎలా కట్టినా అడుగుతారు.

మరి మన దేశపు కార్డుల విషయంలో అనుమానం వస్తే షాపువాళ్లు ఏం చేయాలి? ఇక్కడే నేను చెప్పుల షాపాయన మీద కొంచెం కోపంగా ఉన్నాను. ‘ట్యాప్ వద్దు బాబూ, కార్డు మెషిన్ లోపల పెట్టు’ అంటే సరిపోయేది. మన బ్యాంకుల కార్డును లోపల పెడితే వంద రూపాయల బిల్లుకైనా పిన్ అడుగుతుంది. ఆ పిల్లలు అక్కడే నీళ్లు నమిలేవాళ్లు. ఎవరినీ అవమానించినట్టు కాదు, ఎవరి ఆధారూ అక్కర్లేదు, లైన్‌లో ఉన్నవాళ్లకు పది సెకన్లు ఆలస్యం. మీ ఆయన కార్డుతో మీరు వెళ్లినా, పిన్ తెలిస్తే మెషిన్ తీసుకుంటుంది, అందులో ఉన్న చిక్కు కింద చెబుతాను.

ఎప్పుడు అలా అనాలో గల్లాలో కూర్చున్నవాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. కాళ్లకు రబ్బరు చెప్పులు, కొనేదేమో ధర అడక్కుండా ఖరీదైన బూట్లు. సైజు కూడా సరిగ్గా చూసుకోరు. ‘ఐదు వేల లోపే చేయండి’ అంటారు. దాటితే, ‘రెండు బిల్లులు చేయండి’ అంటారు. ఈ రెండు బిల్లుల మాట వింటే మాత్రం ఏ షాపువాళ్లయినా ట్యాప్ ఆపేయాల్సిందే. కొందరు నిజంగా పిన్ మర్చిపోయి అలా అడుగుతారు, నాకు తెలుసు, మా ఇంట్లోనే ఒకరున్నారు. అలాంటివాళ్లు ఇంటికి పోయి గుర్తు తెచ్చుకుని రావచ్చు.

ఇప్పుడు మీ ఫ్రిజ్ గొడవ. దీనికి రెండు కొసలున్నాయి. పేరు కలవలేదని కార్డు తీసుకోకపోవడం మీద పోట్లాడకండి. కార్డు ఎవరి పేరున ఇచ్చారో వాళ్లే వాడాలన్నది బ్యాంకు షరతు. మనం పాటించం, అది వేరే మాట. అంతకంటే ముఖ్యం, పిన్ ఇంకొకరికి చెప్పాక ఏదైనా మోసం జరిగితే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిన డబ్బంతా కార్డు సొంతదారు నెత్తినే పడుతుంది. నేను పైన చెప్పిన మూడు రోజుల రక్షణ అక్కడ పనిచేయదు. భర్తకు చెప్పినా భార్యకు చెప్పినా పిన్ చెప్పినట్టే. కాబట్టి మీ ఆయన చేత మీ పేరున యాడ్-ఆన్ కార్డు తెప్పించుకోండి. పేరు మీది, పిన్ మీది, బిల్లు ఆయనది. చాలా బ్యాంకుల్లో దానికి ఇంత అని విడిగా లిమిట్ కూడా పెట్టుకోవచ్చు. ఏ షోరూమ్‌లో పేరు చూసినా మీరు తల ఎత్తుకుని నిలబడొచ్చు.

కానీ ఆ పిల్లవాడు ఆధార్‌ను సొంత ఫోన్‌లో ఫొటో తీసుకోవడం ఉంది చూశారూ, అది ఏ విధంగానూ సరికాదు. కార్డు తీసుకోనప్పుడు ఆ ఫొటో ఎందుకు? తీసుకున్నా ఎందుకు? మీరు బస్సులో వచ్చారు కదా, జీరో టికెట్ కోసం కండక్టరమ్మకు ఆధార్ చూపించే ఉంటారు. 2023 డిసెంబర్ నుంచి మన ఆడవాళ్లందరికీ అది అలవాటైంది. ఆమె ఏం చేసింది? చూసింది, టికెట్ కొట్టింది, పక్క సీటుకు పోయింది. ఫొటో తీయలేదు, జిరాక్స్ అడగలేదు. పేరు సరిచూడటానికి అంత చాలు. షోరూమ్ మేనేజర్ దగ్గరికి వెళ్లి, ఆ ఫొటోను ఆ పిల్లవాడి ఫోన్‌లోంచి మీ కళ్ల ముందే తీసేయించండి. గ్యాలరీలో తీసేశాక ట్రాష్‌లో కూడా ఉంటుంది, అక్కడా తీసేయమనండి. వాట్సాప్‌లో ఎవరికైనా పంపాడేమో అడగండి. సిగ్గుపడాల్సింది మీరు కాదు.

ఇకముందు ఎవరైనా ఐడీ అడిగితే డ్రైవింగ్ లైసెన్స్ చేతిలో పట్టుకుని చూపించండి, చేతికివ్వకండి. ఆధార్ ఒక్కటే ఉంటే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోండి, అందులో చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం, హోటళ్లకూ సినిమా హాళ్లకూ ఆధార్ జిరాక్స్‌లు ఇవ్వొద్దని ప్రకటన ఇచ్చింది. రెండు రోజులకే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుని, మామూలు జాగ్రత్త చాలని చెప్పింది. నాకైతే మొదటి మాటే నచ్చింది.

కొత్త కార్డు రాగానే బ్యాంకు యాప్ తెరిచి, కార్డు సెట్టింగుల్లో ట్యాప్ ఎక్కడుందో చూడండి. కాంటాక్ట్‌లెస్ అని రాసి ఉంటుంది. మొత్తంగా ఆపేయవచ్చు, చాలా యాప్‌లలో లిమిట్ వెయ్యికో రెండు వేలకో తగ్గించుకోవచ్చు కూడా. నా కార్డుకు ఆపేసే ఉంచాను. పిన్ కొట్టడానికి నాకేం బద్ధకం లేదు. విదేశీ లావాదేవీలు కూడా ఆపేసి ఉన్నాయో లేదో అక్కడే కనిపిస్తుంది.

చెప్పుల షాపుకు పోవాలా అన్నారు. పోండి, కానీ నిలదీయడానికి కాదు. బుధవారం నాటి 4,850 తాలూకు చార్జ్ స్లిప్, షాపు దగ్గర మిగిలే కాపీ, అడగండి. మంచిగా అడిగితే ఇస్తారు, కెమెరా చూపించినవాళ్లు చీటీ దాచుకోరు. దాని మీద ట్యాప్ చేసినట్టు, పిన్ అక్కర్లేనట్టు అచ్చయి ఉంటుంది. ‘మీరే పిన్ ఎవరికో చెప్పుంటారు’ అని బ్యాంకులో ఎవరైనా అంటే ముందు పెట్టాల్సిన కాగితం అదే. మిగతా రెండు షాపుల్లోనూ తీసుకోండి. కెమెరా రికార్డింగు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది, తీసి ఉంచమని షాపాయనకు చెప్పి, పోలీసు ఫిర్యాదులోనూ ఆ మాట రాయించండి. చార్జ్ స్లిప్పులను మాత్రం చేతికి రాగానే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ కాగితం మీది అక్షరాలు మన ఎండలకు రెండు నెలలు కూడా నిలవవు.